ఉపగ్రహ చిత్రముల గిడ్డంగి

హైదరాబాదులోని బాలానగరు పేరు వినగానే యంత్రపరిశ్రమలు జ్ఞప్తికి వచ్చును. ఆ పరిశ్రమల నడుమనే వేరొక విధమైన సంపదను కూడబెట్టిన సంస్థ ఒకటి కలదు. అదియే జాతీయ దూరసంవేదన కేంద్రము. ఇది 1974 లో జాతీయ దూరసంవేదన ఏజన్సీ అను పేరుతో ఏర్పడినది. 2008 సెప్టెంబరు 1 నుండి భారత అంతరిక్ష పరిశోధన సంస్థలో ఒక కేంద్రమై నేటి పేరు పొందినది. ఇది కూడబెట్టినది ధాన్యము కాదు, లోహము కాదు. ఉపగ్రహములు తీసిన మన నేల చిత్రములు.

ప్రయోగశాలలో ఒక ప్రయోగము చెడిపోయినచో మరల చేయవచ్చును. చిత్రముల సంగతి అట్లు కాదు. నిత్యవినియోగమునకు ఉద్దేశించిన మన తొలి దూరసంవేదన ఉపగ్రహమగు ఐ.ఆర్.ఎస్.-1ఏ 1988 మార్చి 17 న బైకనూరునుండి ఎగసినది. ఆ యేడు గోదావరి ఏ ఒడ్డును కోసినదో, ఏ చెరువున నీరు ఎంతవరకు నిలిచినదో తెలుపు చిత్రము పోయినచో, నేటి ఉపగ్రహమేదియు దానిని తిరిగి తీయజాలదు. కనుక చిత్రమును తీయుట ఎట్లు శాస్త్రమో, దానిని నిలువచేసి అడిగినపుడు చూపుటయు అట్లే శాస్త్రము.

ఈ నిలువ ఎంత వేగముగ పెరిగినదో చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. ఉపగ్రహచిత్రము చిన్నచిన్న గళ్ల సముదాయము. ఒక్కొక్క గడికి ఒక సంఖ్య ఉండును. ఐ.ఆర్.ఎస్.-1ఏ లోని ఒక కెమేరాకు గడి ప్రక్క నేలపై 72.5 మీటర్లు. 100 కిలోమీటర్ల పొడవు, 100 కిలోమీటర్ల వెడల్పు గల ప్రదేశమునకు సుమారు 19 లక్షల గళ్లు చాలును. 2005 మే 5 న ప్రయోగింపబడిన కార్టోశాట్-1 కు ఈ ప్రక్క 2.5 మీటర్లే. అదే ప్రదేశమునకు ఇపుడు 160 కోట్ల గళ్లు కావలెను. ప్రక్క 29 రెట్లు తగ్గగా సంఖ్యలు 29 వర్గము, అనగా 841 రెట్లు పెరిగినవి.

తొలినాళ్లలో ఈ సంఖ్యలను అయస్కాంత టేపులపై నిలువచేసెడివారు. నేటి రంగారెడ్డి జిల్లాలోని షాద్‌నగర్‌లో భూకేంద్రము 1979 లో అమెరికా వారి లాండ్‌శాట్ సంకేతములను అందుకొనుట ప్రారంభించినది. అచ్చట నింపిన టేపులు రోడ్డుమార్గమున బాలానగరు చేరెడివి. సంఖ్యలు చిత్రములగుట ఇచ్చటనే. ఆనాటి కంప్యూటరు టేపు పొడవు 2400 అడుగులు. అంగుళమునకు 1600 అక్షరముల చొప్పున నింపినను 4 కోట్ల 60 లక్షల అక్షరములకు మించి పట్టవు. పైగా టేపు చివరనున్న చిత్రము కావలెనన్నచో టేపునంతయు త్రిప్పవలసినదే. ఒక టేపు ఒకరి చేతిలో నున్నపుడు రెండవవారు వేచియుండవలసినదే.

డిస్కు వచ్చుటతో త్రిప్పుట తప్పినది. ఏ భాగమునైనను నేరుగ చదువవచ్చును. డిస్కునకు, కంప్యూటరునకు నడుమ జరుగు సంభాషణకు 1986 లో అమెరికాలో ఒక ప్రమాణము ఏర్పడినది. దానిని స్కజీ అందురు. “ఈ సంఖ్యగల భాగమును చదువుము”, “దీనిని అచ్చట వ్రాయుము” అనునవే దాని ఆజ్ఞలు. ఆజ్ఞ నిచ్చునది ఇనిషియేటరు, ఆజ్ఞ నందుకొని నిలువను చూపునది టార్గెట్టు. కాని ఆ తీగ 25 మీటర్లు దాటరాదు; కంప్యూటరుతో కలిపి ఎనిమిది పరికరములకే చోటు. డిస్కు ఆ యంత్రమునకు కట్టిన పశువు వంటిది. వేరొక యంత్రమునకు పనికిరాదు.

ఈ కట్టును విప్పుటకు 1994 నాటికి ఫైబర్ ఛానెల్ అను ప్రమాణము వచ్చినది. అదే ఆజ్ఞలు గాజు తంతువులలో కాంతిరూపమున కిలోమీటర్ల దూరము పోవ నారంభించినవి. డిస్కులన్నియు ఒకచోట, కంప్యూటర్లు వేరొకచోట ఉండు ఈ ఏర్పాటును నిలువల వల అనవచ్చును. 2009 ఆగస్టు 12 న భువన్ వేదిక అంతర్జాలమున ప్రారంభమై చిత్రములను ప్రజల ముంగిటికి తెచ్చినది. 2011 లో షాద్‌నగర్‌లో ఐమ్‌జియోస్ అను సమగ్ర ఏర్పాటు వెలసినది. సంకేతముల నందుకొనుట, చిత్రములుగ మార్చుట, నిలువచేయుట ఒకే ఆవరణలో నిలువల వల ఆధారముగ సాగినవి. టేపుల ప్రయాణము ముగిసినది.

ఫైబర్ ఛానెల్‌కు ప్రత్యేకమైన కార్డులు, స్విచ్చులు కావలెను. ఆ వ్యయము పెద్ద సంస్థలకే తగినది. 2004 ఏప్రిల్‌లో ప్రకటింపబడిన ఐ-స్కజీ ప్రమాణము ఈ విద్యను సామాన్యులకు తెచ్చినది. స్కజీ ఆజ్ఞను ఉత్తరమువలె కవరులో పెట్టి, మామూలు కంప్యూటరు వలలోనే పంపుట దీని కిటుకు. 2011 మార్చిలో వెలువడిన లినక్స్ 2.6.38 కూర్పులో టార్గెట్టుగ పనిచేయు కొత్త భాగము చేరినది. దానిని నడుపు పనిముట్టు పేరు టార్గెట్‌సిఎల్‌ఐ. ఇందు బొమ్మలు, మీటలు లేవు. ఆజ్ఞలను టైపు చేయవలెను. అమరికయంతయు వంశవృక్షమువలె తెరపై కనబడును.

పని ఐదు మెట్లుగ జరుగును. మొదట డిస్కునకు గాని, పెద్ద ఫైలునకు గాని ఒక పేరు పెట్టి నిలువగ ప్రకటింపవలెను. రెండవది, టార్గెట్టును సృష్టింపవలెను. మూడవది, ఆ నిలువను సున్నతో మొదలగు ఒక సంఖ్యతో టార్గెట్టునకు జోడింపవలెను. నాల్గవది, ఏ ఇనిషియేటర్లకు అనుమతి కలదో వ్రాయవలెను. ఐదవది, ఏ చిరునామాయందు, ఏ ద్వారమున వినవలెనో తెలుపవలెను. ఐ-స్కజీకి వాడుకలోని ద్వారసంఖ్య 3260.

టార్గెట్టునకు పెట్టు పేరు విచిత్రమైనది. అందు సంవత్సరము, నెల, తరువాత సంస్థయొక్క అంతర్జాలపు పేరు తలక్రిందుగ, చివర పరికరము పేరు వచ్చును. ఉదాహరణకు: ఐక్యూఎన్.2010-06.ఇన్.కళాశాల:డిస్కు1. సంవత్సరమెందుకు? అంతర్జాలపు పేర్లు చేతులు మారుచుండును. ఆ పేరు ఏ కాలమున ఎవరి అధీనమున నుండెనో తేదీ తెలుపును. శాసనమునందు శకసంవత్సరము లేనిదే ఏ రాజరాజో తెలియనట్లే ఇదియును.

అనుమతి పట్టికలో పేరు లేని యంత్రమును టార్గెట్టు సాధారణముగ ద్వారముననే ఆపివేయును. ఇది దొంగల భయమునకే కాదు. టార్గెట్టు చూపునది కేవలము సంఖ్యగల గదులు. ఏ గదిలో ఏ ఫైలున్నదో లెక్క వ్రాయునది ఇనిషియేటరు. మామూలు ఫైలు పద్ధతిలో ఆ లెక్కకు తానొక్కటే యజమానినని ప్రతి యంత్రమును తలచును. ఒకే గ్రామపు అడంగలును ఇద్దరు కరణములు, ఒకరి వ్రాత ఒకరు చూడక, దిద్దినట్లయిన ఏమగును? రెండు యంత్రములు ఒకే నిలువపై వ్రాసినను అంతే. పలువురు పంచుకొనవలెనన్నచో అందులకై రూపొందించిన ప్రత్యేక ఫైలు పద్ధతి అవసరము.

మరియొక జాగ్రత్త కలదు. టైపు చేసిన అమరిక మొదట యంత్రపు జ్ఞాపకములోనే ఉండును. సేవ్‌కాన్ఫిగ్ అను ఆజ్ఞ దానిని ఫైలులో వ్రాయును. యంత్రము మరల లేచినపుడు ఆ ఫైలును చదువు సేవను కూడ ముందే ఏర్పరుపవలెను. లేనిచో విద్యుత్తు పోయి వచ్చిన వెనుక సొమ్ము పెట్టెలోనే యుండును, తాళపుచెవి మాత్రము కనబడదు.

పాఠశాలలో రెండు పాత కంప్యూటర్లు, ఒక స్విచ్చు ఉన్నచో ఉపాధ్యాయులు దీనిని చూపవచ్చును. ఒకదానిపై చిన్న ఫైలును టార్గెట్టుగ అమర్చినచో రెండవదానిలో అది కొత్త డిస్కుగ కనబడును. పిమ్మట అనుమతి పట్టికనుండి పేరు తీసి, మరల కలుపుటకు ప్రయత్నించినచో తలుపు మూసికొనుటయు చూడవచ్చును. నిలువ, పేరు, అనుమతి, వ్రాత అను నాలుగింటిలో ఏది లోపించినను దాచినది దొరకదని విద్యార్థులు కన్నులార గ్రహింతురు.