ఫిడేలుకు లేని చిక్కు, గిటార్‌కు వచ్చిన మెట్లు

తమిళనాడులో విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి మీదుగా ఎట్టయపురం దాకా పరుచుకున్న నల్లరేగడి నేలలో తెలుగు మాట్లాడే కుటుంబాలు శతాబ్దాలుగా స్థిరపడి ఉన్నాయి. ఎట్టయపురం సంస్థానాధీశులు సైతం తెలుగు మూలాలవారే. కర్ణాటక సంగీత వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసింది ఆ ఊళ్లోనే, సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' గ్రంథాన్ని 1904లో తెలుగు లిపిలో అచ్చువేయించిందీ అక్కడి విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలోనే. సుబ్బరామ దీక్షితులను దత్తత చేసుకున్న మాతామహుడు బాలస్వామి దీక్షితులు (1786–1858) మద్రాసు సమీపంలోని మణలి ముదలియార్ల ఆశ్రయంలో ఉన్నకాలంలో ఒక యూరోపియన్ వద్ద ఫిడేలు అభ్యసించి, ఆ వాద్యాన్ని కర్ణాటక సంగీతానికి మలిచినవారిలో ప్రథముడిగా పేరుపొంది, తరువాత ఎట్టయపురం ఆస్థాన విద్వాంసుడయ్యారు. పాశ్చాత్య తంత్రీవాద్యాలు దక్షిణాదిన ఏ మార్పుకు లోనయ్యాయో పరిశీలించేవారు ఈ ఊరి నుంచే మొదలుపెట్టడం న్యాయం.

ఫిడేలు విషయంలో చెక్క ముట్టుకోవలసిన అవసరం రాలేదు. దాని మెడపై మెట్లు లేవు గనుక, స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ, పక్క స్వరాన్ని తాకిస్తూ పలికించే గమకాలన్నీ వేలి కదలికతోనే సాధ్యమయ్యాయి. శ్రుతి చేసే పద్ధతి, వాద్యకారుడు కూర్చునే భంగిమ మారితే సరిపోయింది. గిటార్ అలా కాదు. దాని మెడలో స్వరస్థానాలను నిర్ణయించే లోహపు మెట్లు చెక్కలోకి దిగగొట్టి ఉంటాయి. వీణకూ 24 మెట్లున్నాయి కదా అనవచ్చు. అయితే వీణ మెట్లు మైనపు దిమ్మలపై ఎత్తుగా నిలబడతాయి, తీగను మెట్టు మీదుగా పక్కకు లాగి పై స్వరాలను అందుకోవచ్చు, పైగా ఆ మెట్లను మేళం కట్టేవారు చెవితో విని అమరుస్తారు. గిటార్ చేసేవారు లెక్కను నమ్ముతారు: తీగ నిడివిని 17.817తో భాగిస్తే తొలి మెట్టు దూరం వస్తుంది, మిగిలిన నిడివిని మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే రెండోది, అలా చివరిదాకా. 24 అంగుళాల తీగకు తొలి మెట్టు దాదాపు 34 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది. రంపం తప్పితే అపశ్రుతి వినిపిస్తుంది.

ఇంత నిక్కచ్చి పని అయినా ఎలక్ట్రిక్ గిటార్ ఇంటి వడ్రంగికి అందిందంటే కారణం దాని ధ్వని పుట్టే తీరు. వీణ చేసేవారు పనస దుంగను తొలిచి కుండను పలచగా మలచాలి, ఎందుకంటే అక్కడ నాదాన్ని పెంచేది చెక్కే. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగ కంపనాన్ని పికప్, అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుకకన్నా సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన పరికరం, విద్యుత్ సంకేతంగా మార్చి యాంప్లిఫయర్‌కు అందిస్తుంది. కాబట్టి బోలు పెట్టె అక్కర్లేదు, గట్టి పలక చాలు. 1950 ప్రాంతంలో గిటార్ తయారీదారు లియో ఫెండర్ ఈ సూత్రంపైనే గిటార్లను కర్మాగార సరుకుగా మార్చాడు.

ఇంటి పనికి ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ మాత్రం ఇంగ్లండ్‌ది. తరువాతి కాలంలో క్వీన్ రాక్ బృందంలో వాయించిన బ్రయన్ మే, తండ్రి హెరాల్డ్‌తో కలిసి 1963లో మొదలుపెట్టి సుమారు రెండేళ్లలో ముగించిన 'రెడ్ స్పెషల్'కు మెడ ఒక పాత నిప్పుగూటి మీది మహాగని చెక్క. అందులో పురుగు తొలిచిన రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. మెడపై గుర్తులు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు, శ్రుతిని ఊపే మీటకు స్ప్రింగులు 1928 నాటి పాంథర్ మోటార్‌సైకిల్‌వి, పైపూత రస్టిన్స్ ప్లాస్టిక్ కోటింగ్. 24 అంగుళాల తీగ, వీణకున్నట్టే 24 మెట్లు. అతడు మొదట స్వయంగా చుట్టుకున్న పికప్‌లు తీగను పక్కకు లాగినప్పుడు నాదాన్ని సరిగా అందుకోలేకపోవడంతో, బర్న్స్ కంపెనీవి కొని బిగించవలసివచ్చింది. గమకం ఆశించే ఏ గిటార్‌కైనా అసలు పరీక్ష ఈ పక్కకు లాగడంలోనే ఉంది.

ఆ పరీక్షకు జవాబు వెదికినవారిలో గిటార్ విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ ముఖ్యుడు. అమెరికాలో కర్ణాటక సంగీత విద్వాంసుడు ఎస్. రామనాథన్ వద్ద వీణ నేర్చుకున్న ఆయన, 1970లలో తన శక్తి సంగీత బృందం కోసం ఏబ్రహాం వెక్టర్ చేసిన గిటార్‌లో మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించారు. దానితో వేలు చెక్కను తాకకుండా తీగనే పట్టుకుంటుంది. వీణ మెట్ల ఎత్తు ఇచ్చే వెసులుబాటే అది. ఆంధ్రదేశంలో పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మరో దారి పట్టారు: మాండలిన్‌లో జంటలుగా ఉండే తీగలను ఒంటి తీగలుగా మార్చి, మంద్రస్థాయి కోసం ఐదో తీగ చేర్చి, మీటిన వెంటనే ఆగిపోయే నాదాన్ని విద్యుత్ సాయంతో నిలబెట్టారు. 1990ల చివర ఈ ఇద్దరూ 'రిమెంబర్ శక్తి' వేదికపై కలిసే వాయించారు.