న్యుమోనియా – బీజమా? క్షేత్రమా?

ఒకే ఇంట పెరిగిన పిల్లలలో ఒకరికి జలుబు జలుబుగానే తగ్గిపోవును. మరియొకరికి అది న్యుమోనియాగా ముదిరి ప్రాణము మీదికి వచ్చును. అప్పుడు పదిమందియు తల్లి అజాగ్రత్తను ఎత్తి చూపుట మనమెరిగినదే. ఈ నింద అన్నివేళల న్యాయము కాదని తెలియుటకు వైద్యశాస్త్రమునకు చాలకాలము పట్టినది.

మొదట పండితుల దృష్టి బీజము మీద, అనగా క్రిమి మీద నిలిచినది. న్యుమోనియాకు ముఖ్యకారణమైన న్యుమోకాకస్ క్రిమిని ఫ్రాన్సున పాశ్చర్, అమెరికాలో స్టెర్న్‌బర్గ్ 1881లో వేర్వేరుగా వర్ణించిరి. స్టెర్న్‌బర్గ్ దానిని కనుగొన్నది తన లాలాజలముననే! ఆయనకు మాత్రము ఏ జబ్బును లేదు. విత్తు పడిన ప్రతిచోటను పంట పండదు కదా! ఇక క్షేత్రమును గూడ పరీక్షింపవలసి వచ్చినది.

1952లో అమెరికా సైనిక వైద్యుడు బ్రూటన్ ఎనిమిదేండ్ల బాలు నొకనిని గూర్చి వ్రాసెను. న్యుమోకాకస్ ఆ బాలుని రక్తమున పలుమారులు ప్రవేశించినది. పరీక్షింపగా, క్రిములను ఎదుర్కొను గామా గ్లోబ్యులిన్ వాని రక్తమున కానరాలేదు. దానిని నెలనెలా సూదిమందుగా ఇచ్చుటతో బాలుడు కోలుకొనెను. ఇట్టి లోపమునకు మూలమైన జన్యువు 1993లో దొరికినది. అది ఎక్స్ క్రోమోజోము మీద నున్నది. కావున తల్లి ఆరోగ్యవతిగా నుండియు, తనకు తెలియకయే కుమారునికి దానిని అందింపవచ్చును.

ఈ నడుమ 1988లో డెన్మార్కున దత్తపుత్రుల చరిత్రలను పరిశీలించిరి. కన్నవారిలో ఒకరు 50 ఏండ్లకు లోపుగా అంటురోగముతో మరణించియున్నచో, బిడ్డకు అట్టి అకాలమరణ భయము 5.8 రెట్లు హెచ్చినది. పెంచినవారు అట్లు మరణించినచో ఆ భయము హెచ్చలేదు.

2003లో ఐ.ఆర్.ఏ.కె.-4 అను జన్యువు సంగతి బయటపడినది. క్రిమి వచ్చినదని కణములోపలికి కబురందించు పని దానిది. అది చెడిన పిల్లలకు న్యుమోకాకస్ ప్రాణాంతకము. పెక్కు వైరసులను మాత్రము వారు ఇతరులవలెనే తట్టుకొందురు. యౌవనము దాటినవెనుక ఈ గండము చాలవరకు తగ్గును. కావున ఆ కొలది యేండ్లు కాపాడుటయే ముఖ్యము.

ఇట్టి తీవ్రలోపములు అరుదు. పోషకాహార లోపము, పొగ, వార్ధక్యము న్యుమోనియాకు సాధారణ కారణములు. పౌష్టికాహారము, టీకాలు అందరికిని అవసరమే. అయినను బిడ్డకు న్యుమోనియా మరల మరల వచ్చుచున్నచో, ఇంట ఎవరైన, ముఖ్యముగా మేనమామలు, పసితనమున పోయిరా యను సంగతి వైద్యునికి చెప్పుదము. నిందతో మరుగుపడిన ఆ చిన్న సమాచారము ఒక ప్రాణమును నిలుపవచ్చును.