కొవ్వూరు వారధి

సంస్కృతమున గోష్పదమనఁగా ఆవు గిట్ట మోపిన గుర్తు. అందు నిలిచిన నీటికిని ఆ పేరే చెల్లును. దాఁటుట కతిసులభమైన దానికిఁ గవులు దీనినే యుపమానముగాఁ జెప్పుదురు. గోదావరి పడమటిగట్టున నున్న కొవ్వూరు గోష్పదక్షేత్రమని ప్రసిద్ధి వహించినది. గౌతముని గోవు కథతో ముడివడిన పేరిది. కాని యీ గోష్పదమున నది వెడల్పు ఒకటిన్నర మైలునకు మించినది. ఎదుట తూర్పుగట్టున రాజమహేంద్రవరము కలదు. ఈ రెండు గట్ల నడుమ వారధి యెట్లు పుట్టెనో, పుట్టి యెవ్వరి కుపకరించెనో విచారింపఁదగియున్నది.

సర్ ఆర్థరు కాటను 1847లో మొదలిడి 1852లో ముగించిన ధవళేశ్వరపు టానకట్ట కొవ్వూరునకు దిగువ నున్నది. అది నీటిని నిలుపుటవలన నెగువనున్న యీ రేవులలో వేసవియందును బడవయే యాధారము. 1893 మొదలు 1896 వఱకు బెజవాడనుండి కటకము వఱకుఁ దూర్పుతీరపు రైలుమార్గము భాగములుగాఁ దెఱవఁబడెను. అయినను గోదావరికడ నది తెగియేయుండెను. బెజవాడ వైపునుండి వచ్చువారు కొవ్వూరిలో దిగి, నది దాఁటి, యావలిగట్టున మఱల బండి యెక్కవలసినవారైరి. ఆ కొలఁది యేండ్లును రేవే రైలుమార్గమునకు నడిమి భాగముగా నుండెను.

ఈ కొఱఁత తీర్చుటకై 1897 నవంబరు 11వ తేదీని వారధి పని ఆరంభింపఁబడెను. కాశికడ గంగపై డఫరిన్ వారధి నిర్మాణమునఁ బనిచేసిన గ్రాన్‌విల్ వాల్టను దీనికి నింజనీరు. రాతి స్తంభములపై నుక్కు దూలములు పఱచి, యొక్కొక్కటి 150 అడుగుల వంతున 56 ఖానాలు కట్టిరి. ఖానాల కొలత మాత్రమే 8,400 అడుగులగును. మూఁడేండ్లు నిండకమున్నే, 1900 ఆగస్టు 30వ తేదీని రాకపోకలు మొదలయ్యెను. నాఁటి మద్రాసు గవర్నరు హేవలాకు పేరు దీని కిడఁబడెను. అంతకు మున్నే 1899లో బెజవాడ మద్రాసుతోఁ గలుపఁబడియుండుటచేత, నీ వారధి మద్రాసు కలకత్తాల నడిమి దారికి లోటు తీర్చెను.

ఇచ్చటనే యొక భేదమును గుర్తింపవలయును. హేవలాకు వారధి ఒంటిదారి రైలువంతెన. ఎడ్లబండ్లకుఁ గాని, మోటారులకుఁ గాని దానిపై బాట లేదు. రైలుబండి యాగినచో నెక్కి దాఁటుట కొవ్వూరివారికిని సులువయ్యెననుట నిజమే. కాని బండితోడను, పశువులతోడను నది దాఁటఁగోరిన రైతునకు 1900వ సంవత్సరము తరువాతను రేవే గతి. దూరపు పట్టణముల కొఱకుఁ గట్టిన వారధి యెదురెదురుగట్ల నంతగాఁ గలుపలేదు.

పాలనచరిత్రయు దీనికే సాక్ష్యము. వారధి కట్టునాఁటికి రెండు గట్లును గోదావరి మండలములోనివే. 1904లో, అనఁగా వారధి తెఱచిన నాలుగేండ్లకే, కొవ్వూరు చేరియున్న యెర్నగూడెము తాలూకా మఱికొన్ని పడమటి తాలూకాలతోఁగూడఁ గృష్ణామండలమునఁ గలుపఁబడెను. 1925లో పశ్చిమగోదావరి మండల మేర్పడెను. రైలు నదిని దాఁటుచుండఁగనే నది మండలముల యెల్లయయ్యెను. వారధి యున్నంతమాత్రమున గట్లు పాలనమునందొకటి కాలేదు.

బండిబాట 1974లో వచ్చెను. ఆ యేఁడు తెఱచిన రెండవ వారధికిఁ గ్రింద రైలుపట్టాలును, మీఁద బాటయుఁ గలవు. కొవ్వూరి నిత్యజీవనమున కిదియే నిజమైన తొలివారధి యనుట యుక్తము. 1997లో కాంక్రీటు కమానుల మూఁడవ వారధి పూర్తికాఁగా, ఆ యేఁడే హేవలాకు వారధి విరామము పొందెను. 2015లో బాటకొఱకు నాలుగవది యేర్పడెను. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనమునఁ గొవ్వూరు రాజమహేంద్రవరము కేంద్రముగాఁ గల తూర్పుగోదావరి జిల్లాలోఁ జేర్పఁబడెను. 1904లో విడిపోయిన యీ రెండు గట్లు 118 ఏండ్లకు మఱల నొక్క పాలనము క్రిందికి వచ్చెను.

పాఠశాలలలో నీ ప్రాంతచరిత్రము చెప్పునప్పుడు 1900వ సంవత్సర మొక్కటియే చాలదు. అది రైలు గోదావరిని దాఁటిన యేఁడు. ఊరు తన బండ్లతో దాఁటిన యేఁడు 1974. రెంటిని జేర్చి చెప్పినఁగాని కొవ్వూరు వారధి చరిత్రము పూర్తికాదు.