తిరుమల వసతి గదుల కేటాయింపు

తిరుమల కొండపై భక్తులకు తక్కువ అద్దెకు తాత్కాలిక నివాసం కల్పించేందుకు తిరుమల తిరుపతి దేవస్థానం (తితిదే) నడిపే ప్రజా వసతి విధానం ఇది. 1944లో తొలి ఘాట్ రోడ్డు ప్రారంభమయ్యాక యాత్రికుల రాకతో పాటు వసతి అవసరమూ పెరిగింది. అంతకు ముందు మఠాలు, సత్రాలే ప్రధాన ఆశ్రయం.

కొండపై సుమారు 7,500 గదులు ఉన్నాయి. వీటిలో సుమారు 45,000 మంది ఉండవచ్చు. సామాన్య గదుల అద్దె రోజుకు రూ.50, రూ.100. దాతల విరాళాలతో కట్టిన కాటేజీలూ ఇందులో భాగమే. కొన్ని గదులను ఆన్‌లైన్‌లో ముందుగా, మిగతావాటిని కేంద్రీయ విచారణ కార్యాలయం (సీఆర్‌ఓ) వద్ద పేరు నమోదు చేసుకున్నవారికి ఇస్తారు. గది సిద్ధం కాగానే ఫోన్‌కు సందేశం వస్తుంది.

గదిలో ఉండే గడువు సాధారణంగా 24 గంటలు. ఖాళీ చేసిన గదిని శుభ్రం చేసి తరువాతి వారికి ఇస్తారు కనుక, లభ్యత గదుల సంఖ్యతో పాటు ఖాళీ అయ్యే వేగంపైనా ఆధారపడుతుంది. దళారులను అరికట్టేందుకు 2023 మార్చి 1న ముఖ గుర్తింపు విధానాన్ని ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టారు. గది తీసుకున్నవారే ఖాళీ చేసి ముందస్తు డిపాజిట్ వాపసు పొందాలి.

గది దొరకనివారికి యాత్రికుల వసతి సముదాయాల్లో ఉచిత లాకరు, చాప, దుప్పటి లభిస్తాయి. తిరుపతిలో శ్రీనివాసం, విష్ణునివాసం, మాధవం సముదాయాలు కొండపై ఒత్తిడిని తగ్గిస్తున్నాయి. పేద కుటుంబాలకు యాత్రను అందుబాటులో ఉంచడం ఈ విధానపు ప్రాముఖ్యం.