ఆంధ్ర తీరపు సముద్ర నాచు, దాని సూక్ష్మజీవులు

ఆంధ్ర తీరంలో సముద్ర నాచు అన్నిచోట్లా సమానంగా పెరగదు. రాతి తీరం ఉన్నచోట దట్టంగా, ఇసుక, బురద ఉన్నచోట అరుదుగా కనిపిస్తుంది. నాచుకు వేర్లుండవు. అడుగు భాగంతో గట్టి ఆధారాన్ని కరచి పట్టుకుని, పోషకాలను ఒళ్లంతటితో నీటి నుంచే తీసుకుంటుంది. దాన్ని అంటిపెట్టుకుని బతికే బాక్టీరియా పంపిణీ మాత్రం రాయిని బట్టి కాక, ఆతిథ్యమిచ్చే నాచును, చుట్టూ ఉన్న నీటిని బట్టి ఉంటుంది.

విస్తరణ

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం దాకా తూర్పు కనుమల ఖోండలైట్ బండలు అక్కడక్కడా సముద్రంలోకి దిగుతాయి. రాష్ట్రంలో నాచుకు పేరున్న తీరం ఇదే. దక్షిణాన పరిస్థితి వేరు. గోదావరి, కృష్ణా నదులు తెచ్చిపోసిన ఒండ్రుతో డెల్టా తీరం మెత్తబడింది. అక్కడ కోరంగి వంటి మడ అడవులు పెరిగాయి.

ఒకే బండ మీద కూడా నాచు వరసలు కట్టి ఉంటుంది. పోటు అందీ అందని పై అంచున కొన్ని కాలాల్లో పోర్ఫైరా, అలల దెబ్బ తగిలేచోట కీటోమార్ఫా యాంటెన్నినా, ఆ కింద ఉల్వా ఫేసియేటా, గ్రాసిలేరియా కార్టికేటా, పాటులోనూ తడి ఆరని అడుగున సర్గాసమ్ కనిపిస్తాయి. ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు విశాఖ తీరపు నాచుపై చేసిన పరిశీలనలు 1964లో ‘జర్నల్ ఆఫ్ ఎకాలజీ’లో వెలువడ్డాయి.

రుతువులు

నాచు చుట్టూ ఉండే నీరు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా తీర ప్రవాహం ఉత్తరానికి సాగుతుంది. అప్పుడు అడుగునున్న చల్లని, పోషకాలు నిండిన నీరు పైకి వస్తుంది. అక్టోబరు నాటికి ప్రవాహం దక్షిణానికి తిరిగి, ఉత్తర బంగాళాఖాతంలో చేరిన నదుల మంచినీటిని మోసుకొస్తుంది. దాంతో ఉప్పదనం బాగా తగ్గుతుంది.

సూక్ష్మజీవులు

నాచు మీది బాక్టీరియా సమూహం పక్కనున్న నీటిలోని సమూహానికి భిన్నంగా ఉంటుంది. అది లేకపోతే ఉల్వా తన రూపమే తెచ్చుకోలేదు. ప్రయోగశాలలో బాక్టీరియా లేకుండా పెంచిన ఉల్వా మ్యూటబిలిస్ ఆకులా విప్పారక కణాల ముద్దగా మిగిలిపోయింది. రోసియోవేరియస్, మారిబాక్టర్ ప్రజాతుల బాక్టీరియాను కలిపితే మామూలుగా ఎదిగింది. గుజరాత్ తీరపు నాచు నుంచి తీసిన బాక్టీరియా ఉల్వా ఫేసియేటాకు రూపమివ్వగలదని భావ్‌నగర్‌లోని కేంద్ర లవణ, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2011లో చూపారు.

అదే ఏడాది సిడ్నీ తీరపు ఉల్వాపై వచ్చిన అధ్యయనంలో మరో సంగతి తేలింది. ఒక్కో మొక్క మీద బాక్టీరియా జాతులు వేరువేరుగా ఉన్నా, అవి చేసే పనులకు కావలసిన జన్యువులు చాలావరకు ఒక్కటే. పని తెలిసిన వాటిలో ముందు చేరినదానికి చోటు దక్కుతుందన్నమాట.

ఇలాంటి జన్యువులు కొన్ని సముద్రం దాటి కూడా ప్రయాణించాయి. పోర్ఫైరాలోని చక్కెర పదార్థాన్ని ఛేదించే ఎంజైము జన్యువులు సముద్ర బాక్టీరియా నుంచి జపనీయుల పేగుల్లోని బాక్టీరియాకు చేరినట్లు 2010లో ‘నేచర్’ పత్రిక ప్రచురించింది. నోరి రూపంలో ఆ నాచును తినడమే అందుకు దారి అని పరిశోధకులు భావించారు.

సాగులో ప్రాధాన్యం

ఉప్పదనం, ఉష్ణోగ్రత తేడా వచ్చి నాచు నీరసించినప్పుడు కొన్ని విబ్రియో బాక్టీరియా కప్పాఫైకస్ అనే సాగు నాచుకు ‘ఐస్-ఐస్’ తెగులు తెస్తాయి. కొమ్మలు తెల్లబడి విరిగిపోతాయి. అందువల్ల ఆంధ్ర తీరంలో నాచు సాగుకు చోటు ఎంచేటప్పుడు అక్టోబరు, నవంబరు నెలల్లో అక్కడి ఉప్పదనం ఎంతవరకు పడిపోతుందో ముందే కొలుచుకోవాలి.