దయ నుంచి హక్కు దాకా: మన నగరంలో పరిశోధక వేతనాలు

ముషీరాబాద్‌లో బడి ముగించుకున్న మనలో చాలామందికి పై చదువంటే ఉస్మానియా ప్రాంగణం, దాని అవతల తార్నాక. ఆ కొద్ది కిలోమీటర్ల దారిలోనే పై చదువుకు డబ్బు ఎలా సమకూరిందన్న చరిత్ర కనిపిస్తుంది.

మొదట్లో అది ప్రభువుల దయ. సరోజినీ నాయుడు 1895లో ఇంగ్లండ్‌ వెళ్లింది నిజాం ఇచ్చిన విద్యార్థి వేతనంతోనే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. 1944లో హైదరాబాద్‌ రాజ్యం నెలకొల్పిన పరిశోధనశాల 1956లో సీఎస్‌ఐఆర్‌ చేతికొచ్చి ఆర్‌ఆర్‌ఎల్‌ అయింది. అదే నేటి తార్నాక ఐఐసీటీ. దాని జీవరసాయన విభాగం నుంచే 1977లో సీసీఎంబీకి అంకురం పడింది.

క్రమంగా దయ స్థానంలోకి పరీక్ష వచ్చింది. మా ఇంజినీర్లకు గేట్‌, మిగతావారికి నెట్‌. సిఫారసు లేని ఇంటి పిల్లలకూ తలుపు తెరుచుకుంది. జేఆర్‌ఎఫ్‌ నెలకు 2010లో 16,000 రూపాయలు, 2014లో 25,000, 2019లో 31,000. 2023 నుంచి 37,000.

అయితే మంజూరైన వేతనం చేతికందడం వేరు. నెలల తరబడి డబ్బు రాక, ఇంటి అద్దె కట్టలేక, పరిశోధన వదిలి ఉద్యోగంలో చేరినవారు నా తోటివారిలోనే ఉన్నారు. వాళ్లకు తెలివి తక్కువై కాదు, ఆరు నెలలు ఆదుకునేవారు లేక.

ఈ స్వర్ణోత్సవ వేళ మన సంఘానికి నా మనవి ఒక్కటే. మన బడి పిల్లలెవరైనా పరిశోధనలో చేరితే, మొదటి వేతనం అందేవరకు వడ్డీలేని చేబదులు ఇద్దాం. వేతనం రాగానే తిరిగి కడతారు. ఆ సొమ్ము తర్వాతివారికి పనికొస్తుంది.