బోస్టన్ హత్యలూ, ఒక దివ్యదృష్టీ

వరుసగా హత్యలు జరుగుతుంటాయి. ఆధారం దొరక్క పోలీసులు తలలు పట్టుకుంటారు. అప్పుడు అతీంద్రియ శక్తి ఉన్న ఒకాయన వచ్చి, చనిపోయినవారి వస్తువుని చేత్తో తడిమి, హంతకుడి ఆనవాళ్ళు చెప్పేస్తాడు. ఇలాంటి సినిమాలు మనం చాలానే చూశాం. నిజంగా అలాంటి ప్రయత్నం ఒకటి ఈ అమెరికాలోనే జరిగింది. ముగింపు మాత్రం సినిమాలోలా లేదు.

1962 జూన్ నుంచి 1964 జనవరి దాకా బోస్టన్‌లోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ 13 మంది స్త్రీలు హత్యకు గురయ్యారు. చాలాచోట్ల తలుపు బద్దలు కొట్టిన జాడ లేదు. ఊరంతా భయం పట్టుకుంది. మసాచుసెట్స్ అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ బ్రూక్ ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించాడు. ఆ బృందం పీటర్ హర్కోస్ అనే హాలెండు దేశస్థుణ్ణి పిలిపించింది. 1941లో నిచ్చెన మీంచి పడి తలకి దెబ్బ తగిలాక తనకి శక్తులు వచ్చాయని ఆయన చెప్పుకునేవాడు. ఆయన ఖర్చులు ప్రభుత్వం కాక ప్రైవేటు వ్యక్తులు భరించారు.

మన పల్లెల్లో గేదె తప్పిపోతే అంజనం వేయించేవారు కదా, చదువుకున్న బోస్టన్ కూడా ఆ పనే చేసింది. దిక్కుతోచనప్పుడు మనుషులంతా ఒకటే!

హర్కోస్ ఒక బూట్ల సేల్స్‌మన్ని హంతకుడన్నాడు. పాపం, ఆ మనిషి మానసికంగా నలిగిపోయి ఉన్నవాడు. చివరికి పిచ్చాసుపత్రిలో చేరాడు. అతను హంతకుడనడానికి ఏ రుజువూ దొరకలేదు.

మరి ఇలాంటివారి మాటలు నిజమైనట్టు ఎందుకు అనిపిస్తాయి? ప్రోగ్రాములు రాసుకునే నాకు తోచిన సమాధానం ఒకటే. వంద సంగతులు చెబితే పది తగులుతాయి. ఆ పదీ కథలుగా తిరుగుతాయి, తప్పిన తొంభైని ఎవరూ లెక్కలో రాసుకోరు. అవే మాటలు నేను పరీక్షించే ప్రోగ్రామ్ చెబితే దాన్ని ఆ రోజే పక్కన పడేస్తాను.

1965లో ఆల్బర్ట్ డిసాల్వో అనే అతను ఆ హత్యలన్నీ తానే చేశానన్నాడు. అయితే ఈ హత్యలకి విచారణ జరగనే లేదు. వేరే నేరాల మీద 1967లో యావజ్జీవ శిక్ష పడింది. 1973లో జైల్లోనే ఎవరో పొడిచి చంపారు. అతను చెప్పింది నిజమా కాదా అన్న సందేహం అలాగే మిగిలింది.

2013లో దానికి కొంత జవాబు దొరికింది. ఆఖరి హతురాలు, 19 ఏళ్ళ మేరీ సలివన్ కేసులో సేకరించిన నమూనాలని దాదాపు 50 ఏళ్ళు భద్రపరిచారు. డిసాల్వో బంధువు తాగి పారేసిన నీళ్ళ సీసా మీది డీఎన్‌ఏతో మొదట పోల్చి, తర్వాత సమాధి తవ్వి నిర్ధారించారు. మిగిలిన 12 హత్యలకి అలాంటి రుజువు లేదు. అవన్నీ ఒక్కడే చేశాడా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఈ కేసు మీద 1968లో వచ్చిన సినిమాలో హర్కోస్ పాత్ర కూడా ఉంది. ఎదిగిన పిల్లలతో కలిసి అలాంటి సినిమా చూస్తే, ఆ బూట్ల సేల్స్‌మన్ సంగతి కూడా వాళ్ళకి చెప్పండి.